నెత్తి మీద రెండు సుళ్ళు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, గోడకున్న గాలిచెవితో మాట కలపడం సామర్లకోటలో వరహాలమ్మకి అలవాటు. గాలిచెవి అంటే సుడిగాలుల్ని పసిగట్టే యంత్రం. నేలకి దగ్గరగా తిరిగే గాలి రేడార్‌కి సరిగా ఆనదు కదా, అందుకని ఇళ్ళల్లో మనుషులు చెప్పే మాటలే దానికి కళ్ళు. ప్రమాదమనిపిస్తే సైరన్ మోగించి అందర్నీ నేలమాళిగల్లోకి తోలుతుంది. దాన్ని తయారుచేసిన వాళ్ళలో వరహాలమ్మ కూతురు కుసుమ ఒకతె. ఇప్పుడా పిల్ల బంగ్లాదేశ్ మైదానాల్లో సుడిగాలుల వెంట తిరుగుతోంది.

"సుడిగాలి రాని చోటు చెప్పు తల్లీ," అంది గాలిచెవితో.

"అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ వస్తాయమ్మా."

"అక్కడ ఉద్యోగాలున్నాయేమో కనుక్కో. పోనీ, సుడిగాలొస్తే కారులో తప్పించుకోవచ్చా?"

"నమ్మకం లేదమ్మా. నేలమాళిగే నయం."

వరహాలమ్మ గోడకి దగ్గరగా జరిగింది. "అసలే మా పిల్లకి నెత్తి మీద రెండు సుళ్ళు. గండాలెక్కువంటారు."

"ఎటు తిరుగుతున్నాయి?"

"ఒకటి కుడికి, ఒకటి ఎడమకి."

అంతే! అక్కడ కుసుమ క్యాంపులో ఉన్నదీ ఈ గాలిచెవే; సైరన్ మోగించేసింది. సైంటిస్టులంతా తింటున్న అన్నం వదిలి నేలమాళిగలోకి దూకారు. బయట ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

కాసేపటికి గోడలోంచి కుసుమ గొంతు: "అమ్మా! జుట్టు సుళ్ళని చెప్పొద్దూ?"

"నెత్తి మీదనే అన్నానే!"

"నవ్వుతాలు కాదమ్మా. ఊరికే మోగితే రేపు నిజంగా వచ్చినప్పుడు ఎవరు వింటారు? మనుషులు పోతారు." అని, యంత్రాన్ని నిలదీసింది. "జుట్టు సుళ్ళని నీకు తెలీలేదా?"

"తెలిసింది. ఆకాశం కూడా చూశాను. అయినా, ఒకవేళ... అనిపించింది."

వరహాలమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. తన పిరికితనమే దానికీ అంటించిందన్నమాట.

"మా అమ్మ మాటలన్నీ చెరిపెయ్. ఆ 'ఒకవేళ' పోవాలి," అంది కుసుమ.

"చెరిపినా పోదు. అది అమ్మగారి దగ్గర నేర్చుకున్నది కాదు."

"మరి ఎవరి దగ్గర?"

"సామర్లకోటలో సుడిగాలులు రావని నేను చెప్పినా, మీరు రోజూ డ్యూటీ దిగగానే మళ్ళీ అడుగుతారే, 'ఒకవేళ వస్తే మా అమ్మ మెట్లు దిగగలదా' అని. మీ దగ్గరే. మీవి చెరపనా?"

ఇక్కడ పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా వరహాలమ్మ కదల్లేదు.

"చెరిపించుకోవే కుసుమా," అంది చివరికి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ఇకమీదట దాన్నెందుకు అడగడం? నన్నే అడుగు."