పై అంతస్తు చివరి గది

మా వదిన పాఠాలు చెప్పే బడిలో పై అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకితే అందులోంచి మూలుగు వినిపిస్తుందని వాచ్‌మన్ ఆ మెట్లే ఎక్కడు. పగలు మాత్రం ఎనభై మంది పిల్లలు అక్కడే... ఇంకెక్కడ కూర్చోబెడతారు? చుట్టూ కొత్త కాలనీలు లేచాయి, పిల్లలు మూడింతలయ్యారు. బడి మాత్రం మా అమ్మ చదువుకున్న నాటిదే.

కొత్త భవనం కావాలని హెడ్మిస్ట్రెస్ ఎన్నిసార్లు మొత్తుకున్నా సర్కారు ఇంజనీరుగారిది ఒకటే పాట— "గట్టి కట్టడం మేడమ్! సున్నం కొట్టిస్తే ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా లేదు."

తనిఖీకని ఆయన వచ్చిన సాయంత్రం ఒకటే వాన. కరెంటు లేదు. మెట్ల దగ్గర వదిన టార్చి చేతికిచ్చింది.

"మీరు చూసి రండి సార్. నేను... ఆ గదికి రాను."

"ఏం?"

"ఊరికే."

ఆయన నవ్వుకుంటూ ఎక్కారు. వరండా పొడుగునా నీళ్లు కారుతున్నాయి. చివరి గదికి బయట గొళ్ళెం పెట్టి ఉంది.

లోపల— ఎవరో దగ్గారు.

"ఎ... ఎవరది?"

"తలుపు తియ్యి నాయనా..."

ఆయన వెనక్కి తిరగబోయారు. లోపలినుంచి ఒక్క తోపు— గొళ్ళెం పుచ్చిన చెక్కతో సహా ఊడి కిందపడింది. గుమ్మంలో ఒక ఆకారం... జుట్టు విరబోసుకుని, తల నుంచి కాళ్ల దాకా తెల్లగా...

"సున్నం కొడితే... చాలన్నావుగా?"

ఆయన చతికిలబడ్డారు. "తప్పయింది తల్లీ! పునాదుల్నుంచి కొత్తగా కట్టిస్తాను, నన్నొదిలెయ్!"

"ఆ మాటే రేపు ఆఫీసులో కూడా అనండి సార్," అంటూ ఆకారం గట్టిగా తుమ్మింది.

హెడ్మిస్ట్రెస్!

ఆయనకి కోపం వచ్చేదే. కానీ టార్చి వెలుగు లోపల పడింది. పైకప్పులో ఇంత బొక్క. కింద ముందు బెంచీ రెండు ముక్కలై, దానిమీద సిమెంటు పెచ్చు.

ఏడాది తిరిగేసరికి కొత్త భవనం లేచింది.

మొన్న వదిన గుట్టు విప్పింది. "గొళ్ళెం పెట్టింది నేనేనయ్యా. పెట్టమంది మేడమే. తెల్లచీర కట్టుకుని, కాస్త మూలిగి, ఆయన్ని ఝడిపిద్దామని..." పకపకా నవ్వింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మేడమ్ లోపలుండగానే పైకప్పు ఊడిపడటం మాత్రం... మేం అనుకున్నది కాదు."