గడప దాటని పిలుపు

డ్యాం ప్రోగ్రామర్ ఇలియన్ శవం నీటి జాలీకి తగులుకుని దొరికింది. కాలు జారి పడ్డాడని స్థానిక పోలీసులు తేల్చేశారు. ఈతలో జిల్లాకే పేరున్నవాడు నిలవనీళ్ళలో మునిగిపోయాడంటే రాజధాని సోఫియాలో కూర్చున్న గూఢచారి శాఖ కర్నల్ తొపాలోవ్ నమ్మలేదు. ఏజెంట్ రాదోస్లావ్‌ని పిలిపించాడు.

"మీ అక్క ఉండేది ఆ డ్యాం కిందేగా?"

"కిందే సార్. ఏటి ఒడ్డునే."

"అయితే విను. డ్యాం మీద సర్వర్‌ని సి ప్లస్ ప్లస్‌లో రాశారు. ఊరి పోలీసు స్టేషన్లో క్లయింట్‌ని జావాలో రాశారు. నీళ్ళు ఎర్రగీత తాకితే సర్వర్, ఊరి క్లయింట్ తనకిచ్చిన చిరునామాకి కాల్‌బ్యాక్ చేసి 'గేట్లు ఎత్తనా?' అని అడుగుతుంది. ఊళ్ళో సైరన్ మోగాలి, ఒడ్డు ఖాళీ కావాలి, అప్పుడు 'ఎత్తు' అని జవాబు రావాలి. వారంగా టెస్ట్ కాల్స్ పోతున్నాయి. జవాబులొస్తున్నాయి. సైరన్ మాత్రం కుయ్యిమనలేదు."

"మరి జవాబు చెప్పేదెవరు?"

"అది కనుక్కునేది నువ్వు."

ఇంటింటా గొర్రెపిల్లని కాల్చే సెయింట్ జార్జ్ పండగనాడు తేనె అమ్మేవాడి వేషంలో రాదో డ్యాం ఎక్కాడు. తేనె సీసా దొంగ అడుగున తీగల్లోని మాటలు వినే పరికరం ఉంది, మాట పోతే దాని దీపం వెలుగుతుంది. మిషన్ గదిలో అత్తరు వాసన. వారం ముందే శాఖ పంపిన ఏజెంట్ జొర్నిత్సా. చూపు నిలిపితే తిప్పుకోవడం కష్టం.

"కొండ మీద మంచు కరిగిందా?" అంది.

"తేనె మాత్రం గడ్డకట్టింది," అని గుర్తుమాట అప్పగించాడు రాదో. "మీదే ఊరు?"

"మా ఊరే!" అని నవ్వింది. "ఇది రెండు భాషల గొడవ రాదో. జావా మాట సి ప్లస్ ప్లస్‌కి ఎక్కట్లేదు. పండగ వెళ్ళాక రెంటినీ ఒకే భాషలో తిరగరాయిద్దాం."

"ఆ జవాబు ఊరి నుంచే వస్తోందంటావా?"

అక్కడి అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపి ఔనంది.

ఆమె కాఫీకి వెళ్ళగానే రాదో ఊరికి పోయే తీగకి సీసా ఆనించి టెస్ట్ కాల్ నొక్కాడు. తెర మీద 'సరే' అని జవాబొచ్చింది. సీసా అడుగున దీపం మాత్రం వెలగలేదు. గడప దాటని మాటకి బదులొచ్చింది!

సీసాని తీగ దగ్గరే వదిలి, వరండాలోకి వెళ్ళి ఊళ్ళో ఉన్న పోలీసు అసెన్‌కి ఫోన్ చేశాడు. వెనక డోళ్ళ మోత.

"బాబాయ్, నీ క్లయింట్ తన చిరునామా ఏమని రాసుకుందో చదువు."

"లోకల్‌హోస్ట్ అనుందిరా. ఎవడు వాడు?"

రాదోకి అర్థమైపోయింది. లోకల్‌హోస్ట్ అంటే 'మా ఇల్లు'. ఏ మిషన్ చదివితే ఆ మిషన్ ఇల్లే. మా ఇంటికి కబురు పెట్టమని నువ్వంటే, నేను ఆ మాట పట్టుకుని మా ఇంటికే పోయినట్టు. సర్వర్ తనను తానే పిలుచుకుంటోంది. ఆ ఇంట్లో దొంగ ప్రోగ్రాం ఒకటి దూరి 'సరే' అంటోంది. ఇలియన్‌కి ఇది తెలిసిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

"అది కొట్టేసి నీ మిషన్ అసలు నంబరు పెట్టు. ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడుపు, సర్వర్‌కి అదే అందుతుంది."

"చేతినిండా గొర్రె కొవ్వురా!"

"లాగుకి తుడుచుకో! అక్క పిల్లలు ఒడ్డున ఆడుకుంటున్నారు బాబాయ్."

ఫోన్ పెట్టేసి లోపలికొచ్చేసరికి పిస్తోలు ఎదురైంది.

"సర్వర్ మీద చెయ్యి పడిందో, ఇలియన్ పక్కనే చోటుంది," అంది జొర్నిత్సా. గేట్లు ఆపే మీట అప్పటికే విరిగి నేలమీద ఉంది. "కిందున్న సరిహద్దు వంతెన కొట్టుకుపోతే అవతలి దేశంలో మావాళ్ళకి చాలు. దారిలో ఊరుండటం మీ ఖర్మ."

రాదో చేతులెత్తాడు. నీళ్ళు ఎర్రగీతని నాకాయి. మోటార్లు గుర్రుమన్నాయి. తెర మీద ప్రశ్న లేచింది: గేట్లు ఎత్తనా?

జవాబు రాలేదు. జొర్నిత్సా నవ్వు సన్నబడింది.

సీసా అడుగున పచ్చదీపం వెలిగింది. లోయలో సైరన్ కేక పెట్టింది. డోళ్ళు ఆగిపోయాయి. తెర మీద జవాబు పడింది: 'ఆగు'. మోటార్లు చల్లారాయి.

ఆమె కిటికీ వైపు తిరిగిన క్షణంలో రాదో అందుకున్న తేనె సీసా ఆమె మణికట్టు మీద పగిలింది. పిస్తోలు జారింది. బేడీలు జిగటగా పడ్డాయి.

"సర్వర్‌ని ముట్టుకోనే లేదుగా నువ్వు!"

"తప్పు రాసింది అక్కడ. దిద్దాల్సిందీ అక్కడే."

"నా మీద అనుమానం ఎప్పుడొచ్చింది?"

"ఏ ఊరంటే మా ఊరే అన్నావు చూడు, అప్పుడు."

ఒడ్డు ఖాళీ అయ్యాక ఊరు 'ఎత్తు' అంది. ఆరని పొయ్యిల మీంచి, వదిలేసిన పిల్లల చెప్పుల మీంచి నీళ్ళు నల్లగా పోయాయి. చెప్పులే పోయాయి.

ఫోన్ మోగింది.

"ఒరేయ్ రాదో, మీ అక్కా పిల్లలూ ఇక్కడే ఉన్నారు. గొర్రెపిల్లనీ మోసుకొచ్చేశాం. రకియా సారా పోస్తున్నా, మా ఇంటికి వచ్చేయ్."

"వీధి పేరు, ఇంటి నంబరు చెప్పు బాబాయ్," అన్నాడు రాదో. "ఇవాళ్టికి 'మా ఇల్లు' అంటే నేను నమ్మను."