పుష్ప చెల్లించిన మొక్కు

ధర్మవరంలో ఆ ఉదయం పక్కింటి మగ్గం అప్పుడే మోగుతోంది. మంజులత అన్నం గిన్నె దించి, ఆయాసం తీరేదాకా గోడకు ఆనుకుంది. బడికి వేళవుతున్నా కూతురు పుష్ప గదిలోంచి రాలేదు.

పిలుద్దామని వెళ్ళిన అత్త కుళ్ళాయమ్మ గుమ్మంలోనే కేక పెట్టింది.

"అయ్యో, ఏం పని చేస్తివే! జడ యాడ?"

ఎనిమిదేళ్ళ పుష్ప చేతిలో కత్తెర, ఒడిలో తెగిన జడ.

"కదిరి సామికి ఇస్తానవ్వా. అమ్మ ఇచ్చిన జుట్టు చాల్లేదేమో. మొక్కు తీరినా అమ్మ పండుకొనే ఉండాది. నాదీ ఇస్తే బాగైతాది."

బెంగళూరు ఆసుపత్రి మందులకు మంజులత జుట్టు ఊడిపోయినప్పుడు, కదిరిలో తలనీలాలిచ్చి మొక్కు తీర్చుకుందని పుష్పకు చెప్పింది కుళ్ళాయమ్మే. మంజులత అప్పుడు కాదనలేదు.

"ఇంక నిజం చెప్తానత్తా," అంది కేక విని వచ్చిన మంజులత.

"మతి పోయిందా నీకు? పసిబిడ్డకు ఆ రోగం పేరు చెప్తావా? అది తట్టుకుంటాదా?"

"మన అబద్ధం దాని చేత జడ కోయించింది. ఇంతకన్నా ఏం కావాలత్తా?"

మంజులత కూతురి పక్కన కూర్చుని తలగుడ్డ తీసింది.

"నేను కదిరికి పోలేదు పాపా. నాకు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేసినారు. మళ్ళీ రాకుండా గట్టి మందులు ఎక్కించినారు. వాటికే జుట్టు ఊడింది."

"అందుకేనా పెసాదం తేలేదు!" అంది పుష్ప. కాసేపటికి గొంతు తగ్గించి, "నేను అల్లరి చేసినందుకు వచ్చిందా?" అని అడిగింది.

"కాదు. నీ వల్ల రాలేదు. నన్ను ముట్టుకుంటే నీకు అంటుకోదు కూడా."

"సచ్చిపోతావా?"

కుళ్ళాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మందులు పని చేసినాయని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడప్పుడు పోయి చూపించుకోవాల. సత్తువ మాత్రం నిదానంగా వస్తాది."

పుష్ప తల్లి తల నిమిరింది. "గరుగ్గా ఉండాది. వస్తాండాయి!" అని అవ్వ వైపు తిరిగింది. "ఎందుకవ్వా అబద్ధం చెప్తివి?"

కుళ్ళాయమ్మ వాళ్ళ దగ్గరే నేలమీద చతికిలబడింది.

"నువ్వు భయపడతావని అనుకుంటిని తల్లీ. భయం నాదే."

పుష్ప ఆమె చెయ్యి పట్టుకుని తల్లిని చూసింది.

"ఈ పొద్దు నీకు ఎట్లుండాదమ్మా?"

బాగుండాననబోయి మంజులత ఆగింది.

"కాళ్ళు లాగుతాండాయి పాపా. అలుపుగా ఉండాది."

పుష్ప లేచి చాప పరిచింది.

"అయితే పండుకో. నాకు అవ్వ అన్నం పెడతాది."