తేలిగ్గా దిగిన పిడి

డిటెక్టివ్ లోరెటా పైక్ ఆఫీసులోకి ఎల్మర్ హ్యాగ్ టోపీ తియ్యకుండానే వచ్చేశాడు. మా మోంటానాలో డెబ్బై ఏళ్ళ మనిషి ఆడవాళ్ళ ముందు టోపీ తియ్యడం మరిచాడంటే వణికిపోతున్నాడన్న మాటే.

"బోయిడ్‌ని నేనే చంపబోయానంటున్నారమ్మా," అన్నాడు.

శనివారం గన్ క్లబ్బు పోటీలో, ఖాళీ ఇత్తడి గొట్టంలో మందూ గుండూ పెట్టి ఎల్మర్ నింపిన తూటా బోయిడ్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్లో సగం దూరి బిగుసుకుంది. దాన్ని ఊడదియ్యాలని బోయిడ్ రైఫిల్‌ని బల్లకేసి కొట్టాడు. అది పేలి అతని రెండు వేళ్ళు విరిగాయి. వారం క్రితమే వాళ్ళిద్దరూ పొలం కంచె గురించి గొంతులు చించుకున్నారని ఊరందరికీ తెలుసు. క్లబ్బులో సగంమందికి తూటాలు నింపిపెట్టే ఎల్మర్‌కి ఇప్పుడు ఎవరూ కాఫీ కూడా పొయ్యడం లేదు.

"కాల్చేసిన గొట్టాన్ని మళ్ళీ నింపేముందు ఏం చేస్తారు?" లోరెటా అడిగింది.

"డై అనే ఉక్కు అచ్చులో పెట్టి ప్రెస్ పిడి నొక్కితే ఉబ్బు తగ్గి కొలతకొస్తుందమ్మా. ఒక్కో తూటానీ చేత్తో ఎక్కించుకునే రైఫిలైతే గొట్టం మెడ ఒక్కటీ నొక్కే డై చాలు. బోయిడ్ రైఫిల్ తనంతట తనే ఎక్కించుకుంటుంది, దానికి మొదలంటా నొక్కాలి. మొదలంటా నొక్కే డై పెట్టుకునే డబ్బాలోంచి తీసినదాంతోనే చేశాను. గొట్టానికి రాసిన కొత్త మైనం పుణ్యమా అని ఈసారి పిడి వెన్నలోకి దిగినట్టు దిగింది."

"డై మీదేనా?"

"నా డైలన్నిటికీ ఆకురాయి గీత పెడతాను. ఈసారి గీత చూళ్ళేదు, డబ్బా మీద నా రాత చూశానంతే."

"నింపాక తూటాని కొలత చూసే గేజ్‌లో వేసి చూశారా?"

"నలభై ఏళ్ళుగా చేస్తున్నవాణ్ణి..." ఎల్మర్ తల దించుకున్నాడు.

అతను వెళ్ళాక లోరెటా సహాయకుడు డెల్ పెదవి విరిచాడు. "ముసలాయన పనే మేడమ్. కంచె కక్ష."

"కక్షతో చేసినవాడు మైనాన్ని పొగడడు డెల్," అంది లోరెటా.

క్లబ్బులో అందరూ ఎల్మర్‌ని తిట్టారు, అందరికంటే గట్టిగా వేలన్. "మొన్నటిదాకా నాదీ చేత్తో ఎక్కించే రైఫిలే. ఈ వసంతంలోనే సెమీ ఆటోమేటిక్ కొన్నా. నా తూటాలు నేనే నింపుకుంటా, ఒక్కటీ ఇరుక్కోదు. ఆయన గడప తొక్కి నెలైంది." లోరెటా మెచ్చుకుంటూ వాటిలో ఒక తూటా అడిగి తీసుకుంది.

మంగళవారం సాయంత్రం ఆమె అందర్నీ క్లబ్బులో కూర్చోబెట్టింది. బోయిడ్ కట్టు కట్టిన చేత్తో ఎల్మర్‌కి దూరంగా కూర్చున్నాడు.

"ఇది బోయిడ్ డబ్బాలో మిగిలిన తూటా," అంది లోరెటా. "మెడ దగ్గరే మెరుపు, కింద మసక. డై నొక్కిన చోటే ఇత్తడి మెరుస్తుంది, ఇది మెడ డై చేసిన పని. పిడి తేలిగ్గా దిగింది మైనం వల్ల కాదు, గొట్టం ఒళ్ళు నొక్కలేదు గనక. అంటే ఎల్మర్ డబ్బాలో ఎవరో డై మార్చారు. ఇది వేలన్ తూటా, మొదలంటా మెరుస్తోంది. మొన్నటిదాకా మెడ డై చాలిన మనిషివి, ఇలా నొక్కే డై నీకెక్కడిది వేలన్?"

"కొన్నాను."

"తెచ్చి చూపించు. దానిమీద ఆకురాయి గీత లేకపోతే నీకు క్షమాపణ చెప్పుకుంటా."

వేలన్ లేవలేదు.

"ఆయన చర్చికెళ్ళినప్పుడు షెడ్‌లోంచి ఆ డై తీశాను," అన్నాడు చివరికి. "మన దగ్గర షెడ్లకి తాళాలెక్కడివి? డబ్బా తేలిగ్గా ఉంటే తెలిసిపోతుందని నా మెడ డై పెట్టాను. వారంలో ఇచ్చేద్దామనుకున్నా."

"అడిగితే ఇచ్చేవాణ్ణిగా," అన్నాడు ఎల్మర్.

"కొత్త రైఫిల్ కొని డై కొనుక్కోలేదని నవ్వుతారనుకున్నా. బోయిడ్ వేళ్ళు విరిగాక ఇంక నోరు పెగల్లేదు."

డెల్ తన యజమానురాలిని గర్వంగా చూశాడు. ఆమె మాత్రం బోయిడ్‌ని చూస్తోంది.

బోయిడ్ లేచి వచ్చి, బాగున్న చేత్తో ఒక సంచి ఎల్మర్ ముందు పెట్టాడు. ఖాళీ గొట్టాలు గలగలమన్నాయి. "కంచె సంగతి తర్వాత తేల్చుకుందాం. ఇవి నింపు."

ఎల్మర్ సంచి ముట్టుకోలేదు. జేబులోంచి గేజ్ తీసి బోయిడ్ అరచేతిలో పెట్టాడు.

"నేను నింపుతా," అన్నాడు. "ఒక్కోటీ నువ్వు చూడు."