మూడో స్ప్రింగు

ఆ పొద్దున ఆకాశం ముఖం ముడుచుకుని కూర్చుంది. కురవదు, తెరిపివ్వదు. షెడ్డు వాకిట్లో గోనెపట్టా పరిచి, ఏడాదిగా మూలనపడి ఉన్న చిన్న గడ్డికోత ట్రాక్టరు క్లచ్చు విప్పుతోంది ఆ ఇంటి కోడలు. మెకానిక్కుగా పేరుమోసిన మామగారికి ఇప్పుడు చూపు ఆనదు. భర్త కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఎల్లుండికి బడి మైదానంలో గడ్డి కోయకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఇక మిగిలింది ఆమె చేతులే!

మామగారు స్టూలు మీద కూర్చుని పని చెబుతున్నారు. చెబుతూనే పొడుస్తున్నారు.

"నట్లు జాగ్రత్తమ్మా! ఆ రోజు లివరు ఎత్తడం మరిచినట్టు వీటినీ మరిచేవు!"

ఏడాదిగా ఇదే మాట! ఆ రోజు బ్లేడుకు గడ్డి చుట్టుకుంటే లివరు ఎత్తమని భర్త కేకేశాడు. ఆమె ఎత్తింది. ఎత్తానని ఆసుపత్రి వరండాలో గుండె బాదుకుని చెప్పింది. లివరు ఎత్తితే క్లచ్చు విడిపోవాలి, బ్లేడు ఆగాలి... ఆగలేదు. గడ్డి లాగుతున్న అతని వేళ్ళు తెగిపోయాయి. కాబట్టి ఆమె ఎత్తలేదన్నారు!

"ప్లేట్ల మధ్య మూడు స్ప్రింగులుంటాయి. అవి నెడితేనే ప్లేట్లు విడిపోయేది. తీసి వరసగా పెట్టు."

"రెండే ఉన్నాయి మామయ్యా."

"కళ్ళు లేనిది నాకా, నీకా?"

ఆమె వంగి చూసింది. ప్రమాదానికి వారం ముందు మామగారు వేసిన కొత్త ప్లేటది. రెండు గుంతలు ఒరుసుకుని మెరుస్తున్నాయి. మూడోదాంట్లో రంగు చెక్కు చెదరలేదు. అంటే... అక్కడ స్ప్రింగు పెట్టనేలేదు!

"షాపుకెళ్ళి ఒకటి తెస్తారా?" అంది గుమ్మంలో నిలబడ్డ భర్తతో.

"అక్కర్లేదు..." అని గొణిగి అతను లోపలికి వెళ్ళాడు. తన పెట్టె అడుగు నుంచి గుడ్డపీలికలో చుట్టినదేదో తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

స్ప్రింగు!

"ఎక్కడిది?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు... షెడ్డులో బల్ల కింద దొరికింది. చెబితే నాన్న కుప్పకూలిపోతాడని..."

"నేను కూలనని నా నెత్తిన పెట్టారా! మీకు పోయింది రెండు వేళ్ళు, నాకు పోయింది నా మాట! వచ్చినవాళ్ళంతా మొగుడి వేళ్ళు తెగ్గోసిన మహాతల్లి అంటుంటే, పక్కనే కూర్చుని టీ తాగారే!"

పానా విసిరికొట్టింది. అది గోడకు తగిలి ఖంగుమంది.

మామగారు చేయి చాచి స్ప్రింగు తడిమారు. ఖాళీ గుంత తడిమారు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"నా కొడుకు వేళ్ళు తీసింది నేనా తల్లీ... నిన్నెన్ని మాటలన్నాను..."

"మీరు తెలియక అన్నారు మామయ్యా. తెలిసి ఊరుకున్నది ఈయన!"

పానా తనే వెళ్ళి తెచ్చుకుంది. మూడు స్ప్రింగులూ కూర్చోబెట్టి, ప్లేటు మూసి, నట్లన్నీ సమంగా బిగించింది. ట్రాక్టరెక్కి ఇంజను వేసింది. బ్లేడు గిర్రున తిరిగింది. లివరు ఎత్తింది. ఠక్కున ఆగింది! మళ్ళీ దించింది, మళ్ళీ ఎత్తింది... పదిసార్లు!

"చూడండి! ఎత్తాను! ఆ రోజూ ఇలాగే ఎత్తాను!"

మధ్యాహ్నం ఆమె వచ్చి కూర్చునేదాకా మామగారు కంచం ముట్టలేదు. భర్త మూడు వేళ్ళతో గరిటె పట్టుకుని ఆమెకు వడ్డించాడు. సగం కూర నేల మీద ఒలికింది. ఆమె తుడవలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.