మొదటిరోజు గొంతు

ఆ మ్యూజియంలో ఇనపగది పేరెత్తితే కాపలావాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. దాన్ని ఏ ఊళ్లో నిలబెట్టినా ఓ ప్రాణం అడుగుతుందని వాళ్ల మాట.

దాన్ని చేసిన కళాకారుడు యుద్ధం నాటికి చిన్నపిల్లాడు. బాంబులు పడుతుంటే ఇంటిల్లిపాదీ నేలమాళిగలో దూరి గడియ పెట్టుకున్నారు. బయట ఉండిపోయిన తమ్ముడు తలుపు కొట్టాడు... కొట్టాడు... ఆ తర్వాత కొట్టలేదు. యుద్ధం ముగిశాక ఆ అన్న బొమ్మలు వేయడం మానేసి తలుపులే చేశాడు. ఈ గది ఆఖరిది — లోపలంతా తారు పూత, బయట గడియ, చెవి ఆనించడానికి ఓ చిల్లు. లోపల, తలుపు చప్పుడు వినిపించే టేపు తిరుగుతుంది.

అంతటివాణ్ణి ఈ తరానికి పరిచయం చేస్తున్నానని క్యూరేటరమ్మకి కాళ్లు నేలమీద ఆనడం లేదు. టేపు బిగించే పని సొంత తమ్ముడికే ఇప్పించింది. ఉబ్బసం మనిషే గానీ పనిమంతుడు.

"అక్కా, జనం రాకముందే ఒక్కసారి వచ్చి విందువుగాని."

"నాకు తీరిక లేదురా. నువ్వే చూసుకో."

చీకటి పడింది. ప్రారంభోత్సవానికి అతిథుల కార్లు వచ్చాయి. ఇనపగది తలుపు బార్లా తెరిచి ఉంటే, చూడ్డానికి బాగాలేదని పోతూ పోతూ ఆవిడే గడియ పెట్టింది. లోపలికి తొంగిచూడలేదు.

కాసేపటికి... దబ్... దబ్...

అతిథులు వరసకట్టి చెవులు ఆనించారు. "'అక్కా' అంటున్నాడండీ! ఊపిరాడనట్టు ఎంత సహజంగా ఉందో!" ఒకావిడ కళ్లు తుడుచుకుంది. క్యూరేటరమ్మ మురిసిపోయింది.

కాపలా మనిషి దగ్గరికొచ్చి గొణిగాడు. "అమ్మా... దగ్గు కూడా వినిపిస్తోంది. తియ్యమంటారా?"

"తీశావంటే నీ ఉద్యోగం ఊడుతుంది. అది కళ!"

దబ్... దబ్... తర్వాత ఏమీ లేదు.

"ముగింపు అద్భుతం," అన్నాడొకాయన. అందరూ చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్లాక, మొహం చూపించని తమ్ముణ్ణి తిట్టాలని ఆవిడ ఇనపగది పక్కనున్న తెర వెనక్కి వెళ్లింది. స్టూలు మీద అతని సంచి ఉంది. అందులో ఉబ్బసం మందు. పక్కనే టేపు... ఇంకా సీలైనా విప్పలేదు.

ఆవిడ పరుగెత్తుకెళ్లి గడియ తీసింది. తారు నిండా గోళ్ల గీతలు.

పోలీసులు వచ్చారు, పొరపాటన్నారు, వెళ్లారు. ప్రదర్శన మాత్రం ఆగలేదు. సంగతి తెలిసి జనం మరీ ఎగబడ్డారు. ఆవిడా వచ్చి కూర్చునేది, ఇంట్లో ఉండలేక. పాపం అందామంటే నోరు రాదు.

అసలు టేపు పెట్టారు. అందులో మాటే లేదు, తలుపు కొట్టిన చప్పుడు తప్ప.

ఓ రాత్రి, మొదటిరోజు వచ్చినాయనే మళ్లీ వచ్చి చెవి ఆనించి పెదవి విరిచాడు. "ఆ గొంతు తీసేశారేమండీ? అదే బాగుంది."

ఆవిడ విసురుగా లేచి టేపు వైరు పీకేసింది.

నిశ్శబ్దం... మళ్లీ — దబ్... దబ్...

వైరు ఆవిడ చేతిలోనే ఉంది. వంగి, మొట్టమొదటిసారి, ఆ చిల్లుకి చెవి ఆనించింది.

"అక్కా... ఇప్పటికి తీరిక దొరికిందా?"