గుంట ఖాళీయేనా

వాన పట్టిన మధ్యాహ్నం. కొత్త భవనం కింది అంతస్తులో, లిఫ్ట్ తలుపుకి వీపు పెట్టి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది ఆ పిల్ల. లిఫ్ట్‌ని నడిపే ప్రోగ్రామ్ రాసింది తనే. లిఫ్ట్‌ని బిగించే మెకానిక్ ఆమె అక్క మొగుడు. లిఫ్ట్ కిందికి దిగి ఆగే చోట, దాని అడుగునుండే గుంటలో స్ప్రింగులు సరిచూస్తున్నాడు.

"మరదలు పిల్లా! నేను రాకముందే లిఫ్ట్ దించావో, మీ అక్క నీ జుట్టు పట్టుకుంటుంది!"

"నా ప్రోగ్రామ్‌కి నీ అంత మతిమరుపు లేదులే బావా!"

అందులో ఆమె రాసిన మాక్రో అనే చిన్న ఆదేశం ఒకటుంది. ఎంత చిత్రమో! బ్రాకెట్లలో ఏ షరతు రాస్తే, ఆ మాటల్నే ఉన్నవి ఉన్నట్టు అక్షరాలుగా తెర మీద వేసి, అది నిజమో అబద్ధమో పక్కనే చూపిస్తుంది. రాయని మాట మాత్రం దానికి రాదు. గుంటలో ఎవరైనా ఉన్నారో లేదో అక్కడి సెన్సర్ దానికి చెబుతుంది.

గుంట_ఖాళీ : అబద్ధం

కాసేపటికి వెనక తడి అడుగుల చప్పుడు. గ్రీజు వాసన. దానితో పాటే నిలవనీటి కుళ్ళు.

"అయిపోయిందా బావా?" తల తిప్పకుండానే అడిగింది.

"అయింది. దించు."

వేళాకోళం లేదు. అలిసిపోయాడు కాబోలు.

తెర మారలేదు. గుంట_ఖాళీ : అబద్ధం.

"సెన్సర్ తడిసింది... దించు." చెవి పక్కనే గుసగుస.

సెన్సర్‌ని పట్టించుకోకుండా నడిపే ఎర్ర బటన్ మీద వేలు పెట్టింది. అప్పుడు తెర మీద ఇంకో వరస పడింది.

పైకొచ్చింది_బావే : అబద్ధం

ఆ షరతు తను రాయలేదు. రెండో చేత్తో ఫైళ్ళన్నీ వెతికింది. ఎక్కడా లేదు...

"దించు..."

మెడ మీద చల్లటి ఊపిరి. వేలు దానంతటదే బరువెక్కుతోంది...

"మరదలు పిల్లా!" గుంటలోంచి కేక. "టార్చి ఆరిపోయింది, కాస్త వెలుతురు చూపించవూ!"

వేలు లాగేసుకుంది. గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. గుంట దగ్గర్నుంచి ఆమె కుర్చీ దాకా తడి అడుగులు. వెనక్కి వెళ్ళినవి లేవు.

గుంటలోకి ఫోన్ వెలుగు చూపించింది. బావ నిచ్చెనెక్కి పైకొచ్చాడు, గ్రీజు చేతులు ఆమె ముఖం ముందు ఆడిస్తూ. "ఏంటా ముఖం? దెయ్యాన్ని చూసినట్టు!"

ఆ నవ్వు బావదే. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అతని చొక్కా గట్టిగా పట్టుకుని, తెర వైపు చూసింది.

గుంట_ఖాళీ : అబద్ధం